ఆచార్య లూడ్విగ్ ప్రాండ్టల్: రెక్కయు, ప్రొపెల్లరును

రెక్క విమానమును నిలుపును, ప్రొపెల్లరు దానిని నడుపును అని నేడు బడిపిల్లలు సైతము చెప్పగలరు. ఈ మాట అసత్యము కాదు. కాని సగము సత్యము మాత్రమే. ఏలయన ఆ రెండును ఒకే గాలిలో పని చేయుచున్నవి. ప్రొపెల్లరు గాలిని వెనుకకు త్రోయుచున్నది. ఆ త్రోయబడిన గాలియే రెక్కమీదుగా పోవుచున్నది. రెక్క తన ముందరి గాలిని కొంత పైకి లేపుచున్నది. ఆ లేచిన గాలియే ప్రొపెల్లరు ఆకులకు తగులుచున్నది. ఒకే యింట కాపురముండు తోడికోడండ్రవలె ఒకదాని నడవడి రెండవదానికి సోకక మానదు. దీనిని విస్మరించి, రెక్కను వేఱుగను ప్రొపెల్లరును వేఱుగను లెక్కించి విమానము కట్టినచో ఆ లెక్క గాలిలో తప్పును.

ఈ పరస్పర ప్రభావమును గణితమునకు లోబఱచుటకు బాట వేసినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశపు ఆచార్య లూడ్విగ్ ప్రాండ్టల్. ఆయన చరిత్రమును పాఠకుల ముందుంచుటకు మాకు రెండు కారణములు గలవు. విమాన విద్యకు మూలమైన భావములు ఎట్లు పుట్టినవో మన ప్రజలకు వారి భాషలో తెలియవలెననుట మొదటిది. శాస్త్రజ్ఞుడు తన దేశమును సేవించుచుండగా ఆ దేశము అధర్మమార్గమున బడినచో ఆతని విధి యేమి యను ప్రశ్నకు ఈ జీవితము ఉదాహరణముగా నుండుట రెండవది. ఈ ప్రశ్న జర్మనులకు మాత్రమే సంబంధించినది కాదు.

ప్రాండ్టల్ 1875వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన బవేరియాలోని ఫ్రైజింగు పట్టణమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు ప్రాండ్టల్ సమీపమున వైహెన్‌స్టెఫాను వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడు. తల్లి చిరకాలము రోగపీడిత. అందుచే బాలునకు తండ్రి సాహచర్యమే అధికము. ప్రకృతిని పరికించుట, చూచినదానికి కారణము వెదకుట యను అలవాటు ఆయనకు తండ్రి వలన అబ్బినది. పెద్దవాడై యెన్ని సమీకరణములు వ్రాసినను, మొదట కంటితో చూడనిదే, మనస్సులో బొమ్మ కట్టనిదే ఆయన గణితమునకు పూనుకొనెడివాడు కాడు.

1894లో ఆయన మ్యూనికు సాంకేతిక విద్యాలయమున చేరి యంత్రశాస్త్రము నభ్యసించెను. అచ్చట ఆగస్టు ఫోపెల్ అను ప్రసిద్ధాచార్యుడు గురువు. 1900లో ఆయనకు డాక్టరు పట్టము లభించినది. ఆయన సిద్ధాంత వ్యాసము గాలిని గూర్చినది కాదు, నీటిని గూర్చినదియు కాదు. సన్నని దూలములు బరువు మోయునపుడు ప్రక్కకు ఒఱగుటను గూర్చినది. పిమ్మట న్యూరెంబర్గులోని ఒక గొప్ప యంత్రకర్మాగారమున ఉద్యోగియై, యంత్రములచే రాలిన పొట్టును గొట్టములలోనికి పీల్చివేయు సాధనమును చక్కదిద్దు పనిలో నియుక్తుడాయెను. ఒక గొట్టము క్రమముగా వెడల్పగుచోట గాలి ఒత్తిడి పెరుగవలెనని పుస్తకములు చెప్పుచుండగా, ఆయన కంటియెదుట అది తగినంత పెరుగలేదు. గాలి గోడను విడిచి వేఱుపడి సుడులు తిరుగుచుండెను. ఎందుచేత విడిచినది? ఈ చిన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

1901లో ఆయన హానోవరు సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడాయెను. ఆ పొట్టు గొట్టములో పుట్టిన ప్రశ్నకు అచ్చట సమాధానము దొరకెను. చేతితో త్రిప్పెడి చక్రము గల నీటి కాలువ నొకదానిని నిర్మించి, నీటిపై మెఱయు రేణువులను చల్లి, అడ్డుపెట్టిన వస్తువుల చుట్టును నీరు ఎట్లు పోవునో ఛాయాచిత్రములు తీసెను. 1904వ సంవత్సరము ఆగష్టు నెలలో హైడెల్‌బర్గులో జరిగిన అంతర్జాతీయ గణితశాస్త్ర సభలో 10 నిమిషముల ఉపన్యాసమున తన భావమును వెల్లడించెను. తరువాత అచ్చుపడిన వ్యాసము 8 పుటలు మాత్రమే.

ఆ 8 పుటలలోని సారమును ఇట్లు చెప్పవచ్చును. గాలికిని నీటికిని గల జిగి మిక్కిలి స్వల్పము. అది బొత్తుగా లేదనుకొని లెక్క వేసినచో, ప్రవాహములో నిలిచిన వస్తువునకు నిరోధమే యుండదని తేలును. 18వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు దాలంబరు ఈ విపరీతమును చూపియుండెను. వంతెన స్తంభమును నది త్రోయుచుండుట అందఱును చూచుచున్నదే గదా! ప్రాండ్టల్ చెప్పినదేమన, జిగి ప్రభావమంతయు వస్తువు నంటియున్న మిక్కిలి పలుచని పొరలోనే యున్నది. ఆ పొరకు వెలుపల జిగి లేదనుకొన్నను దోషము లేదు. ఆ పొర వస్తువును విడిచి లేచినచోట సుడులు పుట్టును, నిరోధము హెచ్చును. గణితజ్ఞుల శాస్త్రమొక దారిని, యంత్రకారుల అనుభవమొక దారిని పోవుచున్న కాలమున ఈ పలుచని పొర రెండింటిని కలిపెను. సభలో విన్నవారిలో దాని విలువ గ్రహించినవారు కొలదిమందియే. వారిలో ఒకడైన గణితాచార్యుడు ఫెలిక్సు క్లైను, ప్రాండ్టల్‌ను గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు రప్పించెను. అప్పటినుండి మరణ పర్యంతము గొట్టింగెన్ ఆయన కర్మభూమి.

అచ్చట ఆయన మొదటి గాలి సొరంగమును నిర్మించెను. 1908 నాటికి పనికి సిద్ధమైన ఆ సొరంగములో నమూనాను నిలిపెడి చోటు 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గలది. పంఖా త్రోసిన గాలి చుట్టు తిరిగి మరల పంఖాకే చేరునట్లు దానిని అమర్చెను. విమానమును కదలించుటకు బదులు గాలిని కదలించి, కదలని నమూనాపై బలములను త్రాసుతో తూచుట దీని ప్రయోజనము. 1909లో ఆయన తన గురువు ఫోపెల్ కుమార్తె గెర్ట్రూడును వివాహమాడెను. వారికి ఇరువురు కుమార్తెలు. లోకవ్యవహారమున ఆయన పసివానివంటి వాడనియు, గురువుగారి కుమార్తెలలో ఎవరిని కోరుచున్నాడో చెప్పకయే కన్యను యాచించెననియు శిష్యులు ముచ్చటగా చెప్పుకొనెడివారు.

ఆయన సత్యనిష్ఠకు ఒక నిదర్శనమును చెప్పవలెను. ఒక గుండుపై గాలి చూపు నిరోధమును పారిసులో ఈఫెల్ కొలిచెను, గొట్టింగెన్‌లోను కొలిచిరి. రెండు లెక్కలకు పొసగలేదు. గొట్టింగెన్ సంఖ్య ఈఫెల్ సంఖ్యకు రెట్టింపునకు మించినది. ప్రాండ్టల్ తన పక్షమును పట్టుకొని వాదింపలేదు. వేగము హెచ్చినపుడు గుండు నంటిన పలుచని పొర అల్లకల్లోలమై, గుండును ఆలస్యముగా విడుచుననియు, అందుచే నిరోధము తగ్గుననియు ఊహించెను. 1914లో గుండు చుట్టును సన్నని తీగెను కట్టి ఆ పొరను తానే చెదరగొట్టి చూపెను. నున్నని గుండుకంటె తీగె కట్టిన గుండునకు నిరోధము తక్కువాయెను. అక్కడి కొలతయు సరియే, ఇక్కడి కొలతయు సరియే యని తేలినది. స్వదేశ ప్రతిష్ఠకంటె సత్యమును ముందుంచిన ఈ తెఱగు శాస్త్రజ్ఞులకు భూషణము.

ఇక రెక్కల విషయము. రెక్క చుట్టును గాలి ఒక విధమైన ప్రదక్షిణము చేయుననియు, ఆ ప్రదక్షిణ బలమునుబట్టి రెక్క పైకి లేచుననియు జర్మనీలో కుట్టా, రష్యాలో జుకోవ్‌స్కీ కనుగొనిరి. రెక్క కొనలనుండి సుడులు వెనుకకు సాగునని ఇంగ్లండులో లాంచెస్టరు 1907లోనే గ్రంథస్థము చేసెను. ఆతడు 1908లో గొట్టింగెన్‌కు వచ్చి వెళ్లెను. ఆ భావములను నిజముగా లెక్కింపదగిన సిద్ధాంతముగా రూపొందించి 1918, 1919 సంవత్సరములలో ప్రకటించిన కీర్తి ప్రాండ్టల్‌ది.

ఆ సిద్ధాంతమును పాఠకులు సులభముగా గ్రహింపవచ్చును. రెక్కను ఒక గీతగా భావింతము. ఆ గీతపై ప్రతిచోటను గాలి ప్రదక్షిణము ఇంతయని యుండును. ఒక చోటినుండి మఱొక చోటికి ఆ ప్రదక్షిణము తగ్గినను హెచ్చినను, ఆ తేడా నశింపక సుడియై వెనుకకు సాగిపోవును. ఇట్లు రెక్క వెనుక సుడుల పరదా ఒకటి ఏర్పడును. ఆ సుడులు తిరిగి రెక్కపైననే ప్రభావము చూపి, దానికి తగులు గాలిని క్రిందికి వంచును. వంగిన గాలిలో రెక్క లేచుటకు కొంత వెల చెల్లింపవలసి వచ్చును; ఆ వెలయే ప్రేరిత నిరోధము. ఒకే బరువును ఒకే వేగమున మోయుచు రెక్క పొడవును రెట్టింపు చేసినచో ఈ నిరోధము 4వ వంతునకు దిగును. రెక్కపై ఎత్తుబలము అర్ధ దీర్ఘవృత్తాకారముగా పంచబడినపుడు ఆ నిరోధము కనిష్ఠమగునని ప్రాండ్టల్, ఆయన శిష్యుడు మంకు నిరూపించిరి. గద్దకును గాలిలో తేలిపోవు ఇంజనులేని విమానమునకును పొడుగైన రెక్కలుండుటలోని రహస్యమిదియే.

ప్రొపెల్లరు మాత్రమేమి? దాని ప్రతి ఆకును గుండ్రముగా తిరుగు రెక్కయే. రెక్క సుడులు తిన్నగా వెనుకకు సాగగా, ఆకు సుడులు మరమేకు చుట్లవలె మెలికలు తిరిగి సాగును. కావున రెక్కకు చెల్లిన గణితము ప్రొపెల్లరునకును చెల్లవలెను. 1919లో ప్రాండ్టల్ సహచరుడు ఆల్బర్టు బెట్సు కనిష్ఠ నష్టముతో పని చేయు ప్రొపెల్లరు ఎట్లుండవలెనో ప్రకటింపగా, ఆకుల సంఖ్య కొలదిగా నున్నపుడు కొనలవద్ద కలుగు నష్టమును లెక్కించు ఉపాయమును ప్రాండ్టల్ దానికి అనుబంధముగా చేర్చెను. కొంతకాలము గొట్టింగెన్‌లో పనిచేసిన ఆంగ్ల గణితజ్ఞుడు సిడ్నీ గోల్డ్‌స్టైన్ 1929లో ఆ లెక్కను మఱింత కచ్చితముగా సాధించెను. నేడు గాలిమరలతో విద్యుత్తు తీయువారు సైతము ప్రాండ్టల్ అనుబంధములోని ఆ చిన్న సూత్రమును వాడుచునే యున్నారు.

రెక్కకును ప్రొపెల్లరునకును ఒకే భాషలో లెక్క కుదిరిన పిమ్మట, ఆ రెంటిని ఒకచోట నిలిపి ప్రశ్నించుటకు వీలు కలిగెను. 1921లో ప్రకటింపబడిన గొట్టింగెన్ ప్రయోగశాల ప్రథమ నివేదికలో రెక్కలకును ప్రొపెల్లరునకును గల పరస్పర ప్రభావమను విషయముపై ప్రాండ్టల్ వ్రాసిన ప్రకరణము గలదు. అమెరికా ప్రభుత్వ విమానశాస్త్ర సంఘమువారు ఆ సంవత్సరాంతముననే దానిని ఆంగ్లమున ప్రచురించిరి. నాటి శత్రుదేశమునుండి వచ్చిన విద్యయని వారు దానిని దూరముగా నుంచలేదు.

ఈ ప్రభావము లెట్టివో కొంత వివరింతుము. ప్రొపెల్లరు తన ముందరి గాలిని లాగి వెనుకకు విసరును. గాలికి కలుగు అదనపు వేగములో సగము ప్రొపెల్లరును చేరునప్పటికే కలుగును, తక్కిన సగము దాటిన పిమ్మట కలుగును. ఆ ప్రవాహములో మునిగిన రెక్కభాగమునకు తక్కిన రెక్కకంటె వేగమైన గాలి తగులును. ఎత్తుబలము వేగము యొక్క వర్గమునుబట్టి యుండును. కావున వేగము 100కు 20 వంతులు హెచ్చినచో ఎత్తుబలము 100కు 44 వంతులు హెచ్చవలెనని మొదటి చూపునకు తోచును. కాని నిజముగా అంత హెచ్చదు. ఆ వేగప్రవాహము గుండ్రని కట్టగా మాత్రమే యున్నది; దాని వెలుపలి గాలి మందముగానే యున్నది. కట్ట అంచులవద్ద ప్రదక్షిణము హఠాత్తుగా మారుటచే అచ్చట క్రొత్త సుడులు పుట్టి, లాభములో కొంత హరించును. ఈ సంగతిని విస్మరించి లెక్కలు వేయువారు అధికాశ పడుదురు. డచ్చి పండితుడు కోనింగు ఈ విషయమును ప్రాండ్టల్ మార్గముననే సవిస్తరముగా పరిశోధించి 1935లో ప్రకటించెను.

వేగము మాత్రమే కాదు. ప్రొపెల్లరు గాలిని మెలిద్రిప్పును. ఆకులు పైకి లేచు ప్రక్కను గాలియు పైకి లేచి రెక్కను తాకును. అచ్చట ఎత్తుబలము హెచ్చును. ఆకులు క్రిందికి దిగు ప్రక్కను తగ్గును. అందుచే ఒకే రెక్కమీద ప్రొపెల్లరునకు ఇరుప్రక్కల బరువు అసమానముగా నుండును. కాని రెక్క ఇందు నష్టపోవుట మాత్రమే కాదు. మెలిదిరిగిన గాలిని అది తిన్నగా నడపి, వ్యర్థముగా పోవలసిన శక్తిలో కొంత తిరిగి రాబట్టును. మఱొకవైపు రెక్క ముందరి గాలి పైకి వంగియుండుటచే ప్రొపెల్లరునకు గాలి ఏటవాలుగా తగులును. దిగు ఆకునకు హెచ్చు బరువు, లేచు ఆకునకు తక్కువ బరువు. ప్రతి చుట్టునందును బరువు మాఱుచుండుటచే కంపము పుట్టును. ప్రొపెల్లరును రెక్క వెనుక నుంచినచో అది రెక్కవలన మందగించిన గాలిని గ్రహించి కొంత లాభము పొందవచ్చును. కాని ఆకులు ఆ మందప్రవాహమును మాటిమాటికి కోయుటచే చప్పుడును కంపమును హెచ్చును. ఒకచోట లాభము, మఱొకచోట వ్యయము; ఆయవ్యయముల పట్టిక చూడక నిర్ణయము చేయరాదు.

ఈ జ్ఞానమునుండి సాహసకార్యములు కొన్ని పుట్టినవి. రెక్క కొనవద్ద సుడి ఏ దిక్కునకు తిరుగునో దానికి ఎదురు దిక్కున తిరుగు ప్రొపెల్లరును ఆ కొననే యుంచినచో, రెక్క వెల తగ్గును. అమెరికాలో జిమ్మర్మను ఊహించిన అట్టువంటి గుండ్రని విమానము కొనలయందు పెద్ద ప్రొపెల్లరులతో 1942లో ఎగిరెను. ఇటీవల అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, విద్యుత్తుతో నడచు ఎక్స్-57 అను విమానమునకు రెక్క ముందంచున 12 చిన్న ప్రొపెల్లరులను, కొనలయందు 2 పెద్ద ప్రొపెల్లరులను యోజించెను. అది ఎగురకయే 2023లో ఆ యత్నము ముగిసినది. కాని దానికై చేసిన లెక్కలు వ్యర్థములు కాలేదు. నేడు మహాగణనయంత్రములు గాలిని కోట్లకొలది గదులుగా విభజించి లెక్క కట్టుచున్నవి. అయినను నూతన విమానమును తలపెట్టువారు తొలి లెక్కను నేటికిని ప్రాండ్టల్ గీతతోనే ప్రారంభించుచున్నారు. బొమ్మ సరియైనదైనచో గణితము చిన్నదైనను చాలునని దీనివలన తెలియుచున్నది.

ఆచార్యుడు విద్యతో పాటు శిష్యులను పెంచెను. కార్మన్, బ్లాసియసు, మంకు, బెట్సు, ఆకెరెట్, బూజెమన్, టోల్మీన్, ష్లిక్టింగు మున్నగువారు ఆయన వద్ద నేర్చినవారును ఆయనతో కలిసి పనిచేసినవారును. 1925లో ఆయన ఆధ్వర్యమున ప్రవాహశాస్త్ర పరిశోధనకై ప్రత్యేక సంస్థ వెలసెను. 1927లో ఆంగ్లేయులు లండనుకు పిలిచి, రైటు సోదరుని పేర జరుగు ఉపన్యాసమును ఆయనచేత చేయించిరి. మన దేశమునకును ఆయన శిష్యఋణము గలదు. విష్ణు మాధవ ఘాటగే గొట్టింగెన్‌కు వెళ్లి ప్రాండ్టల్ వద్ద పరిశోధించి 1936లో డాక్టరు పట్టమును పొందెను. తిరిగి వచ్చి 1942లో బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థయందు విమానశాస్త్ర శాఖను నడపెను. తరువాత హిందూస్థాన్ విమాన కర్మాగారమున చేరి హెచ్.టి.-2 అను శిక్షణ విమానమును రూపొందించెను. ముందు ప్రొపెల్లరు, క్రింద రెక్క గల ఆ రెండు పీటల విమానము 1951లో బెంగుళూరున ఎగిరెను. అట్టివి 150కి పైగా నిర్మింపబడి, మన వాయుసేన యువకులకు చాలకాలము ఎగురుట నేర్పినవి. గొట్టింగెన్ కాలువలో మెఱసిన రేణువుల కాంతి బెంగుళూరు ఆకాశము వఱకు ప్రసరించెననుట అతిశయోక్తి కాదు.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. నీడను దాచినచో చరిత్ర స్తోత్రపాఠమగును. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ ఏప్రిల్ నెలలోనే యూదులను ప్రభుత్వోద్యోగములనుండి వెడలగొట్టు శాసనము పుట్టెను. గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున మాక్స్ బార్న్, కూరాంట్, ఎమ్మీ నోథర్ వంటివారు స్థానభ్రష్టులైరి. జేమ్స్ ఫ్రాంకు తానే రాజీనామా నిచ్చెను. లోకమునకు గణితతీర్థమైన ఆ పట్టణము కొలది నెలలలో శూన్యమాయెను. ప్రాండ్టల్ సంస్థ మాత్రము శూన్యము కాలేదు, వర్ధిల్లెను. యుద్ధమునకు సన్నద్ధమగుచున్న ప్రభుత్వమునకు విమానములు కావలెను. విమానములకు ఆయన విద్య కావలెను. ధనమును నూతన సొరంగములును గొట్టింగెన్‌కు ధారాళముగా వచ్చినవి.

ఆయన నాజీ పార్టీలో చేరలేదు. 1937లో హైసెన్‌బర్గుపై నాజీ పత్రిక నిందలు వేసినపుడు, మఱుసటి యేట ప్రాండ్టల్ హిమ్లరునకు జాబు వ్రాసి ఆయన పక్షమున నిలిచెను. ఐన్‌స్టైన్ సిద్ధాంతమును యూదువిద్యయని త్రోసిపుచ్చిన మూకవలన దేశమున భౌతికశాస్త్రము చెడుచున్నదని 1941లో గోరింగునకు నివేదించెను. ఇవి ధైర్యము లేనివాడు చేయు పనులు కావు. కాని ఆ ప్రభుత్వమును సమర్థించుచు 1938, 1939 సంవత్సరములలో ఇంగ్లండులోని మిత్రుడు జి. ఐ. టెయిలరు కుటుంబమునకు జాబులు వ్రాసినవాడును ఆయనయే. చిరకాల మైత్రి ఆ జాబులతో సన్నగిల్లెను. యుద్ధకాలమున విమాన మంత్రిత్వశాఖ పరిశోధనలను నడపు మండలిలో ప్రధాన స్థానము వహించినవాడును ఆయనయే. తన శాస్త్రమునకు అపకారము జరిగినపుడు నోరు విప్పెను. తన పొరుగువారికి అపకారము జరిగినపుడు ఆ కంఠము అంత గట్టిగా వినబడలేదు.

1945లో జర్మనీ ఓడినది. మే నెలలో అమెరికా విమానసేన పక్షమున ప్రశ్నించుటకు గొట్టింగెన్‌కు వచ్చినవాడు మఱెవ్వడో కాదు. 1908లో ఆయన వద్దనే డాక్టరు పట్టము నందిన కార్మన్. ఆతడు హంగేరీలో పుట్టిన యూదుడు. స్వదేశమును జర్మనీని విడిచి అమెరికాకు చేరి అచ్చట విమానవిద్యకు పెద్దదిక్కైనవాడు. ఆతని వెంట చీనా శిష్యుడు త్సియన్ షూసెన్ కూడ నుండెను. తరువాత స్వదేశమునకు మరలి ఆ దేశపు రాకెట్టు విద్యకు ఆద్యుడైనవాడు. గురువు, శిష్యుడు, ప్రశిష్యుడు ఒకచోట కూడిరి. గురువు సమాధానము చెప్పుచుండగా శిష్యుడు ప్రశ్నించుచుండెను. నిర్బంధ శిబిరపు ఘోరములను కన్నులార చూచి వచ్చిన కార్మన్‌కు, తన యింటి కప్పు బాంబులచే చెడినదని చింతించుచున్న గురువు కనబడెనట. శాస్త్రచరిత్రలో ఇంతకంటె విషాదకరమగు సమావేశమును మేమెఱుగము.

యుద్ధానంతరమున గొట్టింగెన్ సొరంగములు విప్పబడి ఇంగ్లండునకు తరలిపోయినవి. వృద్ధాచార్యుడు వాతావరణ శాస్త్రముపై మనస్సు నిలిపి, 1953వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన గొట్టింగెన్‌లోనే కన్నుమూసెను. ఆయనకు నోబెల్ బహుమానము రాలేదు. ఎగురు ప్రతి విమానపు లెక్కలోను ఆయన పేరుండగా బహుమానము లేకున్న లోపమేమి?

ఈ జీవితమును తూచుట సులభము కాదు. ఆయనను దుర్మార్గుడని త్రోసివేయుట న్యాయము కాదు. అమాయకుడని విడిచిపుచ్చుటయు న్యాయము కాదు. దేశభక్తి ఆయన దోషము కాదు. దేశమును వేఱు, దేశము నేలు ప్రభుత్వమును వేఱు అని గుర్తింపకపోవుటయే దోషము. పొట్టు గొట్టములో గాలి ఎచ్చట గోడను విడిచినదో కనిపెట్టగల్గిన ఆ సూక్ష్మదృష్టి, తన దేశము ఎచ్చట ధర్మమును విడిచినదో కనిపెట్టలేకపోయెను. విద్వాంసుడును ప్రభుత్వమును ఒకే గాలిలో నున్నవారు. ఒకరి నడవడి రెండవవారిని మార్చక మానదు. ప్రభుత్వపు ధనము తన విద్యను పెంచుచున్నపుడు, తన విద్య దేనిని పెంచుచున్నదో విద్వాంసుడు అడుగవలెను.

మన దేశమున నేడు యువకులు అనేకులు విమానవిద్యను, అంతరిక్షవిద్యను అభ్యసించుచున్నారు. వారికి ప్రాండ్టల్ నుండి నేర్వదగిన దెంతేని గలదు. ముందు కంటితో చూడుము, పిదప లెక్క కట్టుము. పొరుగుదేశపు కొలతయు నీ కొలతయు పొసగనపుడు పొరుగువానిని నిందింపక కారణమును వెదకుము. ఒక భాగమును లెక్కించునపుడు దానికి తోడుగానున్న భాగమును మఱువకుము. ఇది ఆయన బోధించిన విద్య. ఈ కడపటి నియమమును ఆయన రెక్కకును ప్రొపెల్లరునకును అన్వయించెను; తన విద్యకును తన ప్రభుత్వమునకును అన్వయింపలేదు. ఆ శేషమును పూరించు భారము ఆయన తరువాతి తరములవారిది. మన విద్యార్థులు మొదటి పాఠముతో పాటు ఈ రెండవ పాఠమును సైతము నేర్చుకొందురుగాక యని మా ఆకాంక్ష.